డేల్ చెప్పిన బొమ్మలు

మార్లీన్ కుఖ్తా కామిక్ పుస్తకంలో మాటలు చదివేది కాదు. కనీసం మొదటిసారి చదివేది కాదు. బుధవారం షిఫ్టు దిగి నేరుగా రిడ్జ్ రోడ్డు మీద లెన్నీ సబాట్కా కొట్టుకి వచ్చేది. ఆ వారం కొత్తగా వచ్చిన వాటిలోంచి తన పుస్తకం తీసుకుని కిటికీ పక్కన నిలబడేది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బొమ్మలే చూసేది. మాటల బుడగల మీదికి కన్ను పోకుండా జాగ్రత్తపడేది. మాటల సంగతి ఇంటికెళ్ళాక, తీరిగ్గా, కాఫీ తాగుతూ.

డేల్ హ్రుస్కా పూర్తిగా తలకిందుల రకం. సిటీ బస్సు నడిపేవాడు. భారీ మనిషి, మెత్తటి చేతులు. బుడగలు చదువుకుంటూ పేజీలు టపటపా తిప్పేసి, కౌంటర్ దగ్గరికి వచ్చేలోపే కథంతా పైకి చెప్పడం మొదలుపెట్టేవాడు.

"చెప్పకు! చెప్పావంటే ఈ పుస్తకం నీ నెత్తిన పడుతుంది" అని కిటికీ దగ్గర నుంచి మార్లీన్ అరిచేది.

"ఇంకా మూడో పేజీలోనే ఉన్నావా తల్లీ? ఈలోగా నేను పార్మా ఊరంతా ఒక చుట్టు చుట్టొస్తాను."

"నువ్వు బస్సు నడిపినట్టే చదువుతావు డేల్. స్టాపు స్టాపుకీ ఆగడమే తప్ప కిటికీలోంచి బయట ఏముందో చూడవు."

నేను అప్పట్లో ఆ పక్కనే తాళాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. బుధవారం సాయంత్రం తొందరగా కట్టేసి వచ్చేది పుస్తకాల కోసం ఎంతో, వీళ్ళిద్దరి పోట్లాట వినడానికీ అంతే. లెన్నీ అయితే వాళ్ళని ఉసిగొల్పేవాడు కూడా. ఇద్దరికీ నలభై దాటాయి. మార్లీన్ పెళ్ళి చేసుకోలేదు. డేల్ చేసుకున్నాడు గానీ అది నిలవలేదు. ఇద్దరూ ఒకే పుస్తకం కోసం వచ్చేవారు. దాని పేరు రేవు కాపరి.

సరస్సు ఒడ్డున ఎప్పుడూ పొగమంచు పట్టే ఊరు, ఆ ఊరి రేవుని కాపలా కాసే ఒక ముసుగు మనిషి. అతనికి ఎగరడం రాదు. పొగమంచులో మాత్రం అందరికన్నా బాగా కనపడుతుంది, అదే అతని శక్తి. పెన్సిలుతో గీసేది వెర్నన్ ఆల్డెస్ అనే ఆయన, దాని మీద సిరా దిద్దేది ఎలై మొరాస్కో. ఒక ఏడాది మొరాస్కో మానేసి ఇంకెవరో వచ్చారు. పాత సంచికా కొత్త సంచికా పక్కపక్కన కౌంటర్ మీద పరిచి మార్లీన్ చేసిన గొడవ నాకింకా గుర్తుంది.

"చూడు. మొరాస్కో దిద్దిన మంచు తడిగా ఉండేది. ముట్టుకుంటే వేలికి అంటుకునేట్టు. ఇది మంచు కాదు, పరుపులోంచి పీకిన దూది."

"మంచు ఏదైతే ఏంటి మార్లీన్? అక్కడ కాపరి సొంత తమ్ముణ్ణి పోలీసులకి పట్టించాడు. నువ్వేమో దూది గురించి ఏడుస్తున్నావు."

"పట్టించాడని నీకెలా తెలిసింది?"

"ఎలా ఏంటి, పదిహేనో పేజీలో బుడగలో ఉందిగా."

"నాకు పదకొండో పేజీలోనే తెలిసింది. తమ్ముడు సూప్ తాగుతుంటే కాపరి వాడి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అన్నం పెట్టినవాడు అలా కూర్చోడు, మనసులో ఏదో ఉంటే తప్ప."

డేల్ ఆ పేజీ తీసి చూశాడు. కాసేపు చూసి, "అలసిపోయి కూర్చున్నాడేమో" అన్నాడు. కొట్టంతా నవ్వింది.

ఆ తర్వాతి చలికాలం మార్లీన్ పక్కనున్న వస్తువులని గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి పోస్టర్ల స్టాండు మొత్తం పడేసింది. అప్పుడే మందేసుకొచ్చావా అని లెన్నీ ఆట పట్టించాడు. ఆమె కింద కూర్చుని పోస్టర్లు ఏరుతోంది. ఏరుతూ నేల మీద చేత్తో తడుముకుంటోంది, కళ్ళెదురుగా ఉన్న వాటికోసం కూడా. మేం నవ్వడం ఆపేశాం.

"నాకు పక్కలు కనపడవు" అంది, లేవకుండానే. "మా మేనమామకి వచ్చింది ఇది. నాకూ వస్తుందని చిన్నప్పుడే చెప్పారు. ముందు పక్కలు పోతాయి. తర్వాత మధ్యలో ఉన్నది కూడా పోతుంది. ఇప్పుడు గొట్టంలోంచి చూస్తున్నట్టుంది."

ఆమె కార్ల సీట్లకి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని చేసేది. సూది వేలిలోంచి దిగబడిన సంగతి అప్పుడు బయటపెట్టింది. వచ్చే నెల నుంచి మిషను మీదికి రానివ్వరట.

నోరు జారింది డేలే.

"అయితే ఇక నువ్వు కూడా బుడగలే చదువుకోవాలన్నమాట."

అన్నాక అతని మొహం కందగడ్డలా అయిపోయింది. మార్లీన్ తలెత్తి అతని గొంతు వినబడిన వైపు చూసి, అందరికన్నా ముందు తనే పకపకా నవ్వింది. డేల్ మాత్రం నవ్వలేకపోయాడు. తర్వాతి బుధవారం కొట్టుకి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడోవారం వచ్చి, ఆమె పక్కన కిటికీ దగ్గర ఊరికే నిలబడ్డాడు.

మార్లీన్ పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని, పిట్టలా తల అటూ ఇటూ తిప్పుతూ ఒక్కొక్క గడిని వెతుక్కుంటోంది.

"ఈ మూల ఏముంది?" అని అడిగింది, వేలు పెట్టి.

డేల్ వంగి చూశాడు. "ఏం లేదు. గోడ."

"ఏం గోడ?"

"గోడంటే గోడే. ఇటుకలు."

"ఉత్త గోడ గీయడానికి ఆల్డెస్‌కి పనిలేదనుకున్నావా? సరిగ్గా చూడు."

అతను చాలాసేపు చూశాడు. "ఒక ఇటుక లేదు" అన్నాడు చివరికి. "ఆ కన్నంలో ఏదో ఉంది. కన్ను. ఎవరో చూస్తున్నారు."

"ఇన్నేళ్ళూ ఇవన్నీ వదిలేసి తిప్పేశావు పేజీలు" అంది మార్లీన్. ఆ మాటలో కోపం లేదు.

అప్పటినుంచి బుధవారాలు కొట్టులో కాకుండా మార్లీన్ వంటింట్లో గడవడం మొదలైంది. స్టేట్ రోడ్డు వెనక వీధిలో వాళ్ళమ్మ వదిలిపోయిన చిన్న ఇటుక ఇల్లు అది. డేల్ పొద్దుటి షిఫ్టు దిగి, లెన్నీ దగ్గర పుస్తకం తీసుకుని, బేకరీలో గసగసాల రొట్టె కట్టించుకుని వెళ్ళేవాడు. నేనూ చాలాసార్లు వెళ్ళాను. ఆమె తలుపు తాళం బిగుసుకుపోయేది, అది బాగుచెయ్యడానికని మొదటిసారి పోయి, తర్వాత ఏ సాకూ లేకుండానే పోయేవాణ్ణి.

మొదట్లో పెద్ద తంటాగా ఉండేది.

"మొదటి గడి. కాపరి రేవులో నిలబడ్డాడు" అనేవాడు డేల్.

"ఎక్కడ?"

"రేవులోనే అన్నాగా."

"గడిలో ఎక్కడయ్యా? కుడివైపా, ఎడమా? పెద్దగా ఉన్నాడా, చీమంత ఉన్నాడా?"

"చిన్నగానే ఉన్నాడు. కింద మూలకి."

"మరి మిగతా చోటంతా?"

"నీళ్ళు."

"మొత్తం నీళ్ళేనా?"

డేల్ ఆగాడు. పుస్తకాన్ని కొంచెం దూరం పెట్టి చూశాడు. "మొత్తం నీళ్ళే. పడవ లేదు, దీపం లేదు, ఏమీ లేదు. వాడొక్కడే ఉన్నాడు మార్లీన్."

"ఊఁ" అంది ఆమె. "నీళ్ళు ఏ రంగు?"

"బూడిద."

"బూడిదలో ఎన్ని బూడిదలు లేవు?"

నోట్లో రొట్టె నములుతూ అతను కిటికీ బయటికి చూశాడు. బయట అతనికి కావలసింది దొరకలేదు. "డిసెంబరులో ఎడ్జ్‌వాటర్ దగ్గర సరస్సు ఉంటుంది చూడు" అన్నాడు. "మంచు పడబోయే ముందు, గాలి ఆగిపోయినప్పుడు. అది."

మార్లీన్ కళ్ళు మూసుకుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. ఆ రోజు ఇంకో గడి చెప్పమని అడగలేదు.

ఒక పుస్తకం చెప్పడానికి రెండేసి మూడేసి బుధవారాలు పట్టేది. డేల్ భూతద్దం కొన్నాడు. కొట్టుకి వచ్చినప్పుడు లెన్నీని పట్టుకుని ఈ నీడ గీతలతో వేశారా చుక్కలతో వేశారా, కలం వాడారా కుంచె వాడారా అని ప్రాణం తీసేవాడు. సరస్సు వైపు రూటు అడిగి మరీ వేయించుకున్నాడు. ఆఖరి స్టాపులో బస్సు ఆపి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడని, బయల్దేరమంటే "ఒక్క నిమిషం, ఆ మబ్బు జరగనీ" అంటాడని ప్రయాణికులు చెప్పుకునేవారట.

"దెయ్యం పట్టిందిరా వీడికి" అనేవాడు లెన్నీ. "మార్లీన్ దెయ్యం."

మార్లీన్ చూపు తగ్గిపోతూనే ఉంది. మొదట పేజీలో ఒక గడి కనపడేది, తర్వాత గడిలో ఒక మొహం, తర్వాత మొహంలో ఒక కన్ను. ఒక బుధవారం నేను వెళ్ళేసరికి వంటింటి మధ్యలో నిలబడి ఉంది. "ఇవాళ కిటికీ ఎటుందో తెలియలేదు నార్బ్" అంది. అంతే అంది. నేను చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళాను. డేల్ వచ్చి ఏమీ అడక్కుండానే పుస్తకం తెరిచాడు.

ఆ తర్వాత ఏడాది రేవు కాపరిని కార్టూన్‌గా తీసి శనివారం పొద్దున టీవీలో వేస్తున్నారని తెలిసింది. కొట్టులో పండగ వాతావరణం. లెన్నీ ఇంటినుంచి టీవీ మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. డోనట్ల పెట్టెలు తెప్పించాడు. కొట్టు తెరవక ముందే కాలు పెట్టే చోటు లేదు. మార్లీన్‌ని అందరికన్నా ముందు, టీవీ ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళకి ఆమె కూడా మాతో సమానంగా సంతోషించే రోజు వచ్చిందని మా అందరి అభిప్రాయం. బొమ్మ కనపడకపోతేనేం, మాట వినపడుతుంది కదా.

బొమ్మ మొదలైంది. వెనక నుంచి వ్యాఖ్యానాలూ మొదలయ్యాయి.

"కదులుతోందిరా! కాపరి నడుస్తున్నాడు!"

"నడిచేది కాళ్ళే. పైనంతా మేకు కొట్టినట్టుంది."

"అదే గోడ మళ్ళీ వచ్చింది. ఇది మూడోసారి."

"వారం వారం తీయాలి కదా, ప్రతి గోడా కొత్తగా గీస్తారా?"

"కోటుకి నీలం కొట్టారేంటి దరిద్రంగా? నీడలన్నీ తీసేశారు. మొహం కడిగిన పళ్ళెంలా ఉంది."

"బాగానే ఉందయ్యా. మీకు ఏదీ నచ్చదు."

టీవీలో బరువైన గొంతు ఒకటి పలికింది. "ఇప్పుడు నేను ఈ పడవ మీదికి దూకుతున్నాను! అదిగో, దొంగలు గోదాం వెనక దాక్కున్నారు!"

"ఎవరు మాట్లాడేది?" అని అడిగింది మార్లీన్.

"కాపరే" అన్నాడు లెన్నీ, సంబరంగా.

"కాదు. ఆయన అంత మాట్లాడడు."

నిజమే. పుస్తకంలో కాపరి పేజీల తరబడి నోరు తెరిచేవాడు కాదు. ఆ పేజీలంటేనే మార్లీన్‌కి ప్రాణం. టీవీవాళ్ళకి మౌనం పనికిరాలేదు, అడుగు తీస్తే చెప్పించారు, చెయ్యెత్తితే చెప్పించారు. వెనక ఎవరో మంచి మనసుతోనే అన్నారు: "ఆమెకి ఇదే మేలు కదా. జరిగేదంతా వాడే చెప్పేస్తున్నాడు."

మార్లీన్ వెనక్కి తిరిగింది. "నాకు చెప్పడానికి మనిషి ఉన్నాడు" అంది.

డేల్ చేతిలో డోనట్ పెట్టెలో పెట్టేసి, ప్యాంటుకి చెయ్యి తుడుచుకుని, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి టీవీ గొంతు పూర్తిగా తగ్గించాడు. వద్దని ఒకరిద్దరు అరిచారు. అతను వినిపించుకోలేదు. మార్లీన్ కుర్చీ పక్కన నేల మీద చతికిలపడి మొదలుపెట్టాడు.

"పడవ అంచు మీద ఉన్నాడు. వంగి. మోకాళ్ళ మధ్య చేతులు వేలాడుతున్నాయి, అలసిపోయిన కూలీవాడికి వేలాడినట్టు. వెనక మంచు. తడి మంచు, మొరాస్కోది. గోదాం కిటికీలో ఒక్క దీపం, పచ్చసొన రంగు. వాడు దాన్నే చూస్తున్నాడు. ఇంకా దూకడు. ఇంకా... ఇప్పుడు..."

క్రమంగా వెనక గొడవ తగ్గిపోయింది. పెదాలాడిస్తూ తెర మీద బొమ్మలు వాటి పాటికి అవి తిరుగుతుంటే, మేమందరం డేల్‌నే వింటున్నాం. అరగంటా అతను చెబుతూనే ఉన్నాడు. మార్లీన్ మొహం పైకెత్తి, పెదాలు కొద్దిగా తెరిచి, వాన చినుకులు పట్టుకునే పిల్లలా కూర్చుంది.

అయిపోయాక లెన్నీ అన్నాడు, "ఒరేయ్ డేల్, తెరమీద కోటు నీలంగా ఉంటే నువ్వు బూడిద అన్నావేంట్రా?"

"కాపరి కోటు బూడిదే" అన్నాడు డేల్, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "వాళ్ళకి తెలీదు."

ఆ వసంతంలో డేల్ పెళ్ళి చేసుకుందామని అడిగాడట. ఇది నాకు చాలాకాలం తర్వాత మార్లీనే చెప్పింది. అడిగింది కూడా ఒక పేజీ చెబుతూ మధ్యలోనే. గడులన్నీ చెప్పి, బుడగ ఒకటుంది చదవనా అని, పుస్తకంలో లేని మాట చదివాడట. ఆమెకి వెంటనే తెలిసిపోయింది, కాపరి అలాంటివి అనడు కాబట్టి.

"నన్ను మోయడమే నీ ఉద్యోగం అయిపోతుంది" అందట ఆమె.

"రోజూ బస్సు నిండా జనాన్ని మోస్తున్నాను. నువ్వొక్కదానివి బరువా?"

ఆలోచిస్తానంది. వేసవి అంతా ఆలోచించింది. అతను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బుధవారం బుధవారం వచ్చి బొమ్మలు చెప్పి పోతూనే ఉన్నాడు. నాకు చెప్పినప్పుడు ఆమె అంది: "ఇష్టం లేక కాదు నార్బ్. అతని మొహం నాకు తెలియదు. కళ్ళున్నప్పుడు ఏళ్ళ తరబడి పక్కనే నిలబడ్డాడు కదా, నేను పుస్తకంలోకి చూస్తూ ఉన్నాను. లావాటి మనిషి అని గుర్తు. మీసం ఉందని గుర్తు. మొహం చూసినట్టు మాత్రం గుర్తులేదు. మొహం తెలియని మనిషికి అవునని చెప్పడానికి సిగ్గేసింది. చేత్తో తడిమి చూస్తానని అడగడానికి ఇంకా సిగ్గేసింది."

అక్టోబరులో, చెట్ల కింద ఆకులు రాలి తడిసి జారుడుగా ఉన్న రోజుల్లో, సరస్సు రూటులో బస్సు నడుపుతుండగా డేల్‌కి గుండె ఆగిపోయింది. నొప్పి మొదలవగానే అతను బస్సుని రోడ్డు వారకి తీసి, బ్రేకు వేసి, తలుపులు రెండూ తెరిచాడు. ఏదో స్టాపు అనుకుని ఒక ముసలావిడ దిగిపోయింది కూడా. "ఇక్కడ కాదండీ" అన్నాడట ఆమెతో. అవే అతని ఆఖరి మాటలు.

అది బుధవారం. అతని దగ్గర దొరికిన లెన్నీ కొట్టు చీటీ చూసి డిపోవాళ్ళు లెన్నీకి ఫోన్ చేశారు. లెన్నీ నా దుకాణంలోకి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్తానన్నాను.

మార్లీన్ వంటింట్లో కాఫీ పెట్టి, రెండు కప్పులు బల్ల మీద ఉంచుకుని కూర్చుంది. తలుపు తీసి లోపలికి నాలుగడుగులు వేశాను.

"నార్బ్, నువ్వా? డేల్ ఇంకా రాలేదు. ఇవాళ ఆలస్యం చేస్తున్నాడు. కూర్చో."

నేను కూర్చోలేదు.

ఆమె మొహం మెల్లిగా నా వైపు తిరిగింది. "చెప్పు" అంది. తర్వాత, "వద్దు, చెప్పకు" అంది. రెండో కప్పుని చేత్తో వెతికి పట్టుకుని, దాన్ని తన దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకుంది. కాఫీ చల్లారిపోయేదాకా అలాగే ఉంది. నేను అప్పుడు చెప్పాను.

ఆ ముందు వారమే డేల్ ఒక పుస్తకంలో సగం చెప్పి ఆపాడు. మిగతా సగం నేను చెబుతానని కొన్నాళ్ళ తర్వాత అడిగాను. "అది అక్కడే ఉండనీ" అంది.

శవాన్ని ఉంచిన చోటికి ఆమెని నేనే తీసుకెళ్ళాను. డిపోవాళ్ళు యూనిఫాముల్లో వచ్చారు. లెన్నీ ఎక్కడినుంచో ఒక పాత కోటు తగిలించుకొచ్చాడు. అక్రాన్ నుంచి డేల్ చెల్లెలు వచ్చింది. పెట్టె మూత తెరిచే ఉంది. మార్లీన్ నా మోచెయ్యి పట్టుకుని పెట్టె పక్కన నిలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎలా ఉన్నాడు?"

"నిద్రపోతున్నట్టున్నాడు మార్లీన్. ప్రశాంతంగా."

"అలా కాదు." నా చేతి మీద పట్టు బిగిసింది. "నిజంగా చూసి చెప్పు."

అప్పుడు చూశాను. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని నేనూ ఎప్పుడూ చూడలేదు. ఆమెకి వినపడేట్టు, ఇంకెవరికీ వినపడకుండా చెప్పడం మొదలుపెట్టాను. నుదురు వెడల్పు, మధ్యలో నిలువుగా ఒకే ఒక్క గీత. కనుబొమలు దట్టంగా, ఒకదాన్నొకటి కలవబోయి ఆగినట్టు. ముక్కు ఎప్పుడో విరిగి ఒకవైపు సర్దుకుంది. మీసం ఎడమవైపు తెల్లబడింది, కుడివైపు ఇంకా నల్లగానే ఉంది, దాన్ని కత్తిరించినవాళ్ళు కొంచెం వంకర చేశారు. బుగ్గలకి ఏదో రంగు పూశారు, అది అతనిది కాదు. చెవి తమ్మె మీద చిన్న పుట్టుమచ్చ. కింది పెదవి మందం. ఏదో చెప్పబోతున్నట్టే ఉంది గానీ ప్రశాంతంగా లేదు, నేను ముందు అబద్ధం చెప్పాను.

"ఊఁ" అంది మార్లీన్. చెయ్యి చాచింది. ఎక్కడ పెట్టాలో నేను చూపించాను. చెంప మీద వేళ్ళు ఆనించి, చల్లగా ఉన్నందుకు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ పెట్టింది. నుదుటి గీత, ముక్కు, మీసం. వెనక వరసలో జనం పెరుగుతున్నారు. ఎవరూ తొందర చెయ్యలేదు.

తర్వాత మేము చేతనైనంత చేశాం. కొట్టులో వంతులు వేసుకుని బుధవారాలు ఆమె ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఒకరు మరీ పొడిగా చెప్పేవారు, ఇంకొకరు సినిమా వాళ్ళలా గొంతు పెంచేవారు. నాది ఉపన్యాసంలా ఉండేది. ఆమె మర్యాదగా వినేది. ఏ నీళ్ళు, ఏ గోడ అని అడగడం మానేసింది. మంచు పడే రోజుల్లో ఒకసారి నేను ఎనిమిదో పేజీలో ఉండగా, "చాలు నార్బ్. మీరంతా మంచివాళ్ళు. ఇక చాలు" అంది. పుస్తకాల పెట్టెలన్నీ లెన్నీకి ఇచ్చేసింది. డేల్ చెప్పినవి కూడా.

ఇంటికి తాళం పెట్టి, టొలీడోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కార్టూన్‌ని రెండేళ్ళకి ఆపేశారు. పుస్తకం కూడా ఇంకో ఏడాది సాగి ఆగిపోయింది. ఆఖరి సంచిక వచ్చిందని ఫోన్ చేసి చెబితే, "కాపరి చచ్చిపోయాడా?" అని అడిగింది. లేదు, ఊరొదిలి వెళ్ళిపోయాడన్నాను. "మంచిది" అంది.

ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి ఉన్నట్టుండి అంది: "బొమ్మలు చెరిగిపోతున్నాయి నార్బ్. ముందు నేను చూసినవన్నీ, కళ్ళతో చూసినవి, అవి పోతున్నాయి. ఆల్డెస్ గీసిన చేతులు ఎలా ఉండేవో నాకిప్పుడు గుర్తు రావడం లేదు. అమ్మ మొహం కూడా పోతోంది. డేల్ చెప్పినవి మాత్రం ఉన్నాయి. అవి మాటలు కదా, పోవు." తర్వాత, "అతని మొహం ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాను. నుదురు, కనుబొమలు, ముక్కు, మీసం. ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారమూ చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నాకే అనుమానం వచ్చేది, నేను గుర్తుంచుకున్నది అతని మొహమా, నేను చెప్పిన మాటలా అని.

ఒక ఆదివారం ఆమె అడిగింది. "కళ్ళు ఏ రంగు?"

ఆ రోజు మూసి ఉన్నాయి. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మర్నాడు లెన్నీని అడిగితే అతనికీ తెలియదు. డేల్ చెల్లెలికి అక్రాన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ కొంచెం ఆలోచించి, "గోధుమరంగు... అవును, గోధుమరంగే అనుకుంటా" అంది. ఆ మాటే మార్లీన్‌కి చేరవేశాను, అనుకుంటా అన్న మాటతో సహా. ఆమె థాంక్స్ చెప్పింది. అక్క ఇంట్లో హీటరు సరిగ్గా పనిచెయ్యట్లేదని, రాత్రిళ్ళు కాళ్ళు చల్లబడుతున్నాయని చెప్పింది.

రెండు చలికాలాలు గడిచాక మార్లీన్ నిమోనియాతో పోయింది. లెన్నీ, నేను కారులో టొలీడో వెళ్ళాం. పెట్టె మూత వేసేశారు, అక్కగారి కోరిక మీద. దారి పొడవునా సరస్సు కనబడుతూనే ఉంది, గడ్డకట్టి, పైన గాలి మంచుపొడిని తోసుకుపోతూ. తిరిగొచ్చేటప్పుడు లెన్నీ రేడియో పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు.